డ్రోన్ కొనేటప్పుడే తేలిపోయే సంగతి

పెళ్ళి ఆర్డర్ మాట్లాడుకునేటప్పుడు ఆల్బమ్‌కి ఎన్ని షీట్లు, క్యాండిడ్‌కి ఎంతమంది వస్తారు అనే లెక్కలు తర్వాత. ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "డ్రోన్ ఉంటుందిగా తమ్ముడూ?" ఉంటుందంటే బేరం సాగుతుంది. లేదంటే "సరే, కనుక్కుని చెప్తాం" అని లేస్తారు. లేచినవాళ్ళు మళ్ళీ రారు. ఆ డ్రోన్‌కి నంబర్ ఉందా, ఎగరేసేవాడికి సర్టిఫికెట్ ఉందా అని మాత్రం ఇప్పటిదాకా ఏ పెళ్ళివారూ అడిగిన పాపాన పోలేదు.

మాది పామర్రు పక్కన పల్లె. స్టూడియో విజయవాడలో. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర్లో ఉన్న ఊళ్ళో ఈ పని చేస్తున్నాను కాబట్టి డ్రోన్ రూల్స్ చదవక తప్పలేదు. చదివాక నాకు తెలిసింది ఇదీ: రిజిస్ట్రేషన్ కష్టం కాదు, ఖర్చూ కాదు. వంద రూపాయల పని. కానీ ఆ వంద రూపాయలు కట్టే అర్హత మీ డ్రోన్‌కి ఉందో లేదో షాపులో డబ్బులు లెక్కపెట్టేటప్పుడే తేలిపోతుంది. తర్వాత ఎవరి కాళ్ళు పట్టుకున్నా మారదు. మన ఫీల్డ్ తమ్ముళ్ళు ఫోన్ చేసి "అన్నా, డ్రోన్ కొన్నాను, రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలి?" అని అడుగుతుంటారు. కొనకముందు చేయాల్సిన ఫోన్ అది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2014 అక్టోబరులో డీజీసీఏ, అంటే విమానాల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ, ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చి మామూలు జనం డ్రోన్లు ఎగరేయటాన్ని ఆపేసింది. తమాషా ఏంటంటే మన పెళ్ళిళ్ళలో డ్రోన్ షాట్లు ఊపందుకున్నది ఆ నోటీసు నడుస్తున్న రోజుల్లోనే. 2018 డిసెంబరు నుంచి రూల్స్ అంటూ వచ్చాయి గానీ ఫారాలు, అనుమతులు చూసి ఎవరూ ఆ జోలికి పోలేదు. 2021 మార్చిలో ఇంకో రూల్స్ పుస్తకం వచ్చింది. అదీ బరువుగానే ఉందని గొడవ జరిగితే అదే ఏడాది ఆగస్టులో దాన్ని తీసేసి డ్రోన్ రూల్స్ 2021 తెచ్చారు. ఫారాలు 25 ఉండేవి 5 అయ్యాయి. ఫీజుల రకాలు 72 ఉండేవి 4 అయ్యాయి. ప్రభుత్వ కాగితాల్లో ఇంత తగ్గటం నేనైతే ఇంకెక్కడా చూడలేదు. ఇప్పుడు నడుస్తున్నవి అవే, మధ్యలో చేసిన సవరణలతో.

ముందు బరువు సంగతి. 250 గ్రాముల లోపు నానో. అక్కణ్ణుంచి 2 కిలోల దాకా మైక్రో. 2 నుంచి 25 కిలోల దాకా స్మాల్. ఆపైన 150 కిలోల దాకా మీడియం, అదీ దాటితే లార్జ్. మనకి సంబంధించినవి మొదటి రెండే. పొలాల్లో మందు కొట్టేవి స్మాల్‌లోకి వస్తాయి. ఈ బరువు ఒట్టి డ్రోన్‌ది కాదు, బ్యాటరీ, తగిలించిన సామాను అన్నీ కలిపి గాల్లోకి లేచే మొత్తం బరువు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే షాపుల్లో మాయ అంతా ఇక్కడే జరుగుతుంది.

"249 గ్రాములే అన్నా, దీనికి ఏ పేపరూ అక్కర్లేదు" అని అమ్మేవాడు అంటాడు. సగం నిజం. నానోకి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ పరీక్షలో పాసైందని ఇచ్చే కాగితం) అక్కర్లేదు, ఎగరేసేవాడికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి కాదు. అంతవరకూ వాడు చెప్పింది కరెక్టే. చెప్పని సగం ఏంటంటే, ఆ 249 గ్రాముల విదేశీ డ్రోన్ దేశంలోకి వచ్చిన దారి. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పూర్తిగా తయారైనవే కాదు, భాగాలుగా విడగొట్టి తెచ్చి ఇక్కడ బిగించే కిట్లు కూడా. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకి తప్ప. విడిభాగాలు తెచ్చుకోవచ్చు, డ్రోన్ తేకూడదు. మరి మన బజార్లో సీల్ తీయని చైనా కంపెనీ డీజేఐ బాక్సులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? మీరే ఆలోచించండి. నేను ఒకసారి ఊరికే అడిగి చూశాను.

"జీఎస్టీ బిల్లు ఇస్తావా?"

"బిల్లెందుకన్నా, వారంటీ నేనిస్తాగా."

అక్కడితో అర్థమైపోవాలి. వాడు మంచివాడే, నిజంగానే రిపేర్ చేసిపెడతాడు. కానీ రేపు స్టేషన్‌లో సీఐ గారు డ్రోన్ టేబుల్ మీద పెట్టి "ఎక్కడ కొన్నావ్?" అంటే చూపించటానికి మన చేతిలో ఏమీ ఉండదు.

ఇంకో ముక్క. ఆ 249 గ్రాములు కంపెనీ తూచింది మామూలు బ్యాటరీతో. ఎక్కువసేపు ఎగరటానికి ఇచ్చే పెద్ద బ్యాటరీ పెడితే డీజేఐ మినీ 3 ప్రో 290 గ్రాముల దగ్గరికి పోతుంది. అప్పుడది నానో కాదు, మైక్రో. రెక్కలకి గార్డులు, లెన్స్ మీద ఫిల్టర్లు పెట్టినా అంతే, గ్రాము గ్రాము కలుస్తుంది. పెళ్ళిలో పెద్ద బ్యాటరీ లేకుండా ఎవరు పనిచేస్తారు?

మైక్రో అయితే కథ వేరు. దానికి యూఐఎన్ కావాలి, అంటే డ్రోన్‌కిచ్చే నంబరు. ఆ నంబరు రావాలంటే మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ ఉండాలి. ఇది మనం తెచ్చుకునేది కాదు, తయారీదారు తెచ్చుకోవాలి. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గానీ, గుర్తింపు ఉన్న ఇంకో టెస్టింగ్ సంస్థ గానీ ఆ మోడల్‌ని పరీక్షించి సిఫారసు చేస్తే డీజీసీఏ ఇస్తుంది. సర్టిఫికెట్ వచ్చిన మోడళ్ళ జాబితా ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కాబట్టి షాపులో అడగాల్సిన మొదటి మాట కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అని కాదు. "ఈ మోడల్ టైప్ సర్టిఫికెట్ నంబర్ చెప్పండి" అనాలి. చెప్పలేకపోతే బయటికి వచ్చేయండి.

నంబరు తీసుకోవటం పెద్ద పనేం కాదు. మొదట్లో ఇదంతా డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పోర్టల్‌లో జరిగేది, ఇప్పుడు రిజిస్ట్రేషన్ పనులు డీజీసీఏ వాళ్ళ ఈజీసీఏ పోర్టల్‌కి మారాయి. డీ-2 ఫారం నింపాలి, వంద రూపాయలు కట్టాలి. అక్కడ మూడు సీరియల్ నంబర్లు అడుగుతారు: డ్రోన్‌ది, లోపలి ఫ్లైట్ కంట్రోలర్‌ది, చేతిలో పట్టుకునే రిమోట్‌ది. బండికి ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఉన్నట్టే ఈ మూడూ మీ యూఐఎన్‌తో ముడిపడి ఉంటాయి. రిమోట్ పాడైతే పక్క స్టూడియో వాడి రిమోట్ తెచ్చి బైండ్ చేసుకుని ఎగరేయటం మనవాళ్ళకి అలవాటు. అది ఇక కుదరదు. మార్చిన ముక్క నంబరు పోర్టల్‌లో మార్చుకోవాలి. డ్రోన్ అమ్మినా, చెరువులో పడి పోయినా డీ-3 ఫారం, ఇంకో వంద. ఇదొక్కటే బాగా గుర్తుపెట్టుకోండి: మీరు అమ్మేసిన డ్రోన్ మీ పేరు మీదే ఉండి, కొన్నవాడు దాన్ని ఎక్కడో ఎగరేస్తే ముందు ఫోన్ వచ్చేది మీకే.

నా డ్రోన్ నంబరు ప్రింట్ తీయించి బాడీ మీద, రిమోట్ వెనక, బ్యాగ్ లోపల అతికించుకున్నాను. చూసి మా కుర్రాడు "అన్నా, పుస్తకాల మీద పేరు రాసుకున్నట్టు రాశావే" అని నవ్వాడు. నవ్వనీ.

పైలట్ సర్టిఫికెట్ దగ్గర మన ఫీల్డ్‌లో ఒక గట్టి అపోహ ఉంది. "మైక్రోకి సర్టిఫికెట్ అక్కర్లేదు, నేను గూగుల్‌లో చదివా" అంటారు. చదివింది అక్కడ ఆపేశారు. మైక్రోకి అక్కర్లేనిది వ్యాపారం కోసం కానప్పుడు. సరదాకి మీ పొలం వీడియో మీరు తీసుకుంటే అక్కర్లేదు. పెళ్ళివారి దగ్గర డబ్బులు తీసుకుని తీస్తే కావాలి. "డ్రోన్ ఫ్రీగా ఇస్తున్నాం, ప్యాకేజీలో కలిపాం" అని బ్రోచర్లో వేసినంత మాత్రాన అది సరదా అయిపోదు. అలాగే చదువుకి, పరిశోధనకి, వినోదానికి వాడే మోడల్ డ్రోన్లకి టైప్ సర్టిఫికెట్ మినహాయింపు ఉంది. సొంతంగా బిగించుకున్న డ్రోన్‌ని ఆ లెక్కలో చూపించి పెళ్ళిలో వాడదాం అనే తెలివి కూడా పనిచేయదు.

2022 ఫిబ్రవరి దాకా దీన్ని పైలట్ లైసెన్స్ అనేవాళ్ళు, డీజీసీఏ ఇచ్చేది. ఇప్పుడు డీజీసీఏ గుర్తింపు ఉన్న డ్రోన్ స్కూల్లో ట్రైనింగ్ పూర్తిచేసి పాసైతే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది. పదో తరగతి పాసై ఉండాలి, వయసు 18కి తక్కువ, 65కి ఎక్కువ ఉండకూడదు. సర్టిఫికెట్ పదేళ్ళు చెల్లుతుంది. ప్రభుత్వానికి వెళ్ళే ఫీజు ఇక్కడ కూడా వందే, కానీ స్కూలు ఫీజు వేలల్లో ఉంటుంది, నొప్పి అక్కడ. గుర్తింపు లేని చోట్ల కూడా "డ్రోన్ కోర్సు" అని బోర్డులు పెట్టేశారు. వాళ్ళు ఇచ్చే రంగు కాగితం ఫ్రేము కట్టించుకోవటానికి తప్ప దేనికీ పనికిరాదు. డీజీసీఏ జాబితాలో పేరు చూసుకున్నాకే డబ్బు కట్టండి. తెలంగాణలో ఏవియేషన్ అకాడమీ ఉంది, మన వైపు గుంటూరు లాంలోని ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా డ్రోన్ పైలట్ ట్రైనింగ్ ఇస్తోంది. ప్రైవేటువి చాలా ఉన్నాయి.

ట్రైనింగ్‌లో నా బ్యాచ్ చూసి నాకు ఆశ్చర్యం వేసింది. కెమెరావాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా అందరూ మందు కొట్టే డ్రోన్ల కోసం వచ్చినవాళ్ళు. డ్వాక్రా సంఘం నుంచి ఒక అక్క, ఇద్దరు అగ్రికల్చర్ బీఎస్సీ కుర్రాళ్ళు, భూముల సర్వేలో పనిచేసే ఒకాయన. ఒక తమ్ముడికి పాస్‌పోర్ట్ లేదు. ఇదివరకైతే అక్కడే ఆగిపోయేవాడు. 2023 సెప్టెంబరులో సవరణ చేసి ఓటర్ కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివాటితో సరిపెట్టారు. పల్లెటూళ్ళ కుర్రాళ్ళకి ఆ చిన్న సవరణ చేసిన మేలు అంతా ఇంతా కాదు.

క్లాసులో రూల్స్, వాతావరణం, బ్యాటరీలు చెప్పారు. తర్వాత సిమ్యులేటర్, తర్వాత గ్రౌండ్. పెళ్ళిళ్ళలో చేయి తిరిగినవాణ్ణి, నాకేం నేర్పుతారులే అనుకున్నాను. జీపీఎస్ ఆపి ఇచ్చారు. గాలికి డ్రోన్ దాని మానాన అది జరిగిపోతుంటే వేళ్ళతో పట్టుకుని ఒక్కచోట నిలబెట్టాలి. తర్వాత డ్రోన్ ముక్కు మన వైపు తిప్పి ఎగరేయమంటారు. అప్పుడు ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. ఆ అక్క నాకంటే ముందే పట్టేసింది. "మీకు పాత అలవాట్లు అడ్డం బాబూ, నాకు ఏ అలవాటూ లేదు" అంది. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పటం వచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది. బజార్లో కొన్న డ్రోన్ దానంతట అదే నిలబడుతుంది కాబట్టి మనకి వచ్చు అనుకుంటాం. జీపీఎస్ పోయిన రోజున మండపం ముందు రెండు మూడొందల మంది తలల మీద ఉంటుంది డ్రోన్. ఆ క్షణానికి కావాల్సిన విద్య ఆ గ్రౌండ్‌లో దొరికింది. ఫీజు ఎక్కువే, కానీ దండగ అనను.

ఆ బ్యాచ్ చూశాకే ఇంకో సంగతి తట్టింది. పొలం డ్రోన్లకి కాగితాలు పక్కాగా ఉంటాయి, పెళ్ళి డ్రోన్లకి ఉండవు. రైతు మనకంటే చట్టం ఎక్కువ తెలిసినవాడని కాదు. అతని డ్రోన్‌కి సబ్సిడీ ఉంది, బ్యాంకు లోన్ ఉంది. నమో డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకి డ్రోన్ ఖరీదులో 80 శాతం, 8 లక్షలకు మించకుండా ఇస్తారు. అద్దె యంత్రాల కేంద్రాలకి 40 శాతం, 4 లక్షల దాకా. ప్రభుత్వం డబ్బు పెట్టేచోట టైప్ సర్టిఫికెట్ లేని డ్రోన్ కొనలేరు. మా మేనబావ గుడివాడ వైపు గ్రూపుగా ఒక మందు డ్రోన్ తీసుకున్నాడు. పది లీటర్ల ట్యాంకు. యూఐఎన్, ఇన్సూరెన్స్, పైలట్ సర్టిఫికెట్ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని తిరుగుతాడు. మన స్టూడియోల వాళ్ళం సొంత డబ్బు నగదుగా పెట్టి కొంటాం, అడిగేవాడు లేడు. అడిగేవాడు లేనప్పుడు అమ్మేవాడు ఏదైనా అంటగడతాడు.

ఇప్పుడు నాకు రోజూ తలనొప్పి తెచ్చే భాగం, మ్యాప్. డిజిటల్ స్కైలో దేశమంతటికీ గాలి మ్యాప్ పెట్టారు, 2021 సెప్టెంబరులో. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు. పసుపులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉంటే తప్ప లేదు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి మొదటి 5 కిలోమీటర్లు ఎరుపు. 5 నుంచి 8 దాకా నేల దగ్గర్నుంచే పసుపు. 8 నుంచి 12 దాకా 200 అడుగుల లోపు ఆకుపచ్చ, ఆపైన పసుపు. అదీ దాటితే 400 అడుగులు.

పామర్రులోనో, మొవ్వలోనో, అవనిగడ్డలోనో ఉండేవాళ్ళకి ఈ లెక్క పట్టదు. కానీ విజయవాడ ఫంక్షన్ హాళ్ళు ఎటు పెరిగాయో చూడండి. ఏలూరు రోడ్డు వెంట ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి... అంటే సరిగ్గా గన్నవరం రన్‌వే వైపు. హైవే పక్కన స్థలం విశాలంగా ఉంది, పార్కింగ్ ఉంది, దిగిన చుట్టాలకి ఎయిర్‌పోర్టు దగ్గర. హాలు బుక్ చేసేటప్పుడు పెళ్ళివారికి ఇవి కనిపిస్తాయి, గాలి రంగు కనిపించదు. ఆ రోడ్డు మీద ముందుకి వెళ్ళేకొద్దీ ఒక హాల్లో 200 అడుగులు, తర్వాతి హాల్లో అనుమతి, ఆ తర్వాతి హాల్లో అసలు లేదు. మ్యాప్ జూమ్ చేసి హాలు మీద వేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. "పోయిన వారం మా బంధువుల పెళ్ళిలో ఇదే హాల్లో ఎగరేశారే" అంటారు. ఎగరేసి ఉంటారు. తలమీంచి విమానం చక్రాలు తెరుచుకుని దిగుతుంటే కింద డ్రోన్ తిప్పటానికి గుండె ఉండాలి, నాకు లేదు.

పెళ్ళివారితో గొడవ పడకుండా నేను చేసే ఉపాయం ఇదీ. డ్రోన్ షాట్‌ని హాలు నుంచి తీసేసి ఊళ్ళోకి మారుస్తాను. పెళ్ళికొడుకుని చేసే రోజు వాళ్ళ ఊళ్ళో పొద్దున్నే పందిరి, మంగళస్నానం, ముత్తైదువులు బిందెలతో వచ్చే వరస, వెనక పచ్చటి వరిచేలు, కాలవ గట్టు. ఆ వెలుగులో వచ్చే షాట్ రాత్రి హాల్లో ఎల్‌ఈడీ లైట్ల మధ్య చచ్చినా రాదు. ఒకసారి చూపిస్తే వాళ్ళే ఒప్పుకుంటారు. ఊళ్ళు దాదాపు అన్నీ ఆకుపచ్చలోనే ఉంటాయి. అయినా ఆ పొద్దున మళ్ళీ మ్యాప్ చూస్తాను. చూడటం తప్పనిసరి అని రూల్స్‌లోనే ఉంది, ఎందుకంటే రంగు మారుతుంది. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఏ ప్రాంతాన్నైనా ఒక్కో విడతకి 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ చేయొచ్చు. రాజధాని పక్కన ఉన్నాం, పెద్దవాళ్ళ పర్యటనలకి కొదవలేదు. మా ఫీల్డ్‌లో ఒకతను ఇలాంటి రోజునే పక్క వీధిలో ఊరేగింపు తీస్తూ దొరికాడు. డ్రోన్ తిరిగి రావటానికి తిరిగిన తిరుగుడులో రెండు ముహూర్తాలు పోయాయి.

ప్రీ వెడ్డింగ్ షూట్లు ఇంకో రకం. జంటలు ఇన్‌స్టాలో చూసి లొకేషన్లు చెబుతారు. ఉండవల్లి గుహలంటారు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది, వాళ్ళ అనుమతి లేకుండా కుదరదు. కొల్లేరంటారు, ఆటపాక దగ్గర గూడబాతులు గుంపులుగా లేస్తుంటే పైనుంచి తీయమంటారు. అభయారణ్యం అది, అటవీశాఖ అనుమతి కావాలి. అనుమతి సంగతి అలా ఉంచినా, గుడ్లు పొదుగుతున్న పక్షుల మీద ఆ రొద పెట్టటానికి మనసెలా ఒప్పుతుంది? తిరుమల సంగతి చెప్పక్కర్లేదు. కొండ మీద డ్రోన్ నిషేధం అని అందరికీ తెలుసు, అయినా ఎవరో ఒకరు ఎగరేయటం, కేసు అవటం పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆకుపచ్చ మ్యాప్ గాలికి మాత్రమే అనుమతి. కింద నేల ఎవరిదో వాళ్ళని అడగటం మన పని.

నేల అంటే గుర్తొచ్చింది. ఒకసారి పందిరి చుట్టూ తిప్పుతుంటే పక్కింటి మేడ మీంచి ఒక పెద్దావిడ గరిటె చూపిస్తూ అరిచారు. "ఏం బాబూ, వడియాలు పెట్టుకుంటుంటే నెత్తి మీదకి పంపుతావేంటి? లోపల ఆడపిల్లలు తల ఆరబెట్టుకుంటున్నారు!" ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. అప్పట్నుంచి పెళ్ళివారి అబ్బాయిని ఒకణ్ణి ముందే చుట్టుపక్కల ఇళ్ళకి పంపి "పిన్నిగారూ, పదింటికి ఒక పావుగంట డ్రోన్ తిరుగుతుంది" అని చెప్పిస్తున్నాను. చెప్పి ఎగరేస్తే వాళ్ళే మేడెక్కి చేతులూపుతారు.

ఎగరేసేటప్పటి రూల్స్ కొన్నే ఉన్నాయి. డ్రోన్ ఎప్పుడూ కంటికి కనిపిస్తూ ఉండాలి. మనుషులున్న విమానానికో, హెలికాప్టర్‌కో ఎప్పుడూ దారి వదలాలి. మిగతావి అనుభవం నేర్పుతుంది. పేపర్ బ్లాస్ట్ మిషన్ వాణ్ణి ముందే పలకరించి సైగ మాట్లాడుకోండి, రంగు కాగితాలు రెక్కల్లో ఇరుక్కుంటాయి. డీజే బండి మీంచి, జనరేటర్ పక్కనుంచి లేపకండి, కంపాస్ తప్పుడు లెక్క చూపిస్తుంది. సంక్రాంతికి గాలిపటాల దారం, చేపల చెరువుల దగ్గర గద్దలు. మేలో ముహూర్తాలప్పుడు కారు డిక్కీలో బ్యాటరీలు వదిలేయొద్దు, విజయవాడ ఎండ సంగతి తెలుసుగా. "దండలు డ్రోన్‌తో తెప్పిద్దాం, తలంబ్రాలు పైనుంచి పోయిద్దాం" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కెమెరా కోసం చేసిన డ్రోన్‌కి బరువు కట్టి జనం మీదకి పంపను అని చెప్పేస్తాను. అలిగితే అలుగుతారు. ప్రమాదం జరిగితే 48 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలపాలి. మైక్రో నుంచి పైన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. రూల్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

డ్రోన్ అంటే పోలీసులకి, ప్రభుత్వానికి గిట్టదనే మాట నేను ఒప్పుకోను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు పడవలు పోలేని సందుల్లో మేడల మీదున్న వాళ్ళకి డ్రోన్లతోనే ఆహారం, నీళ్ళు పంపారు. మరుసటి నెలే పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లతో షో చేస్తే ఊరు ఊరంతా కృష్ణ ఒడ్డుకి వచ్చింది, ఐదు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. సంక్రాంతికి కోడిపందేల బరులు వెతకటానికి పోలీసులే డ్రోన్లు తిప్పుతారు. వాళ్ళకి తెలియనిది మన డ్రోన్ ఎవరిదో, అంతే. నంబరుంటే ఆ ప్రశ్నకి సమాధానం దొరికినట్టే.

దీంట్లో చేదు కూడా ఉంది, దాచను. టైప్ సర్టిఫికెట్ ఉన్న డ్రోన్లలో ఎక్కువ భాగం పొలానికో, సర్వేకో చేసినవి. పెళ్ళికి సరిపడే చిన్న కెమెరా డ్రోన్లలో మనకి ఎంచుకోవటానికి తక్కువ. రాత్రి వెలుగులో పిక్చర్ ఆ విదేశీ మినీ ఇచ్చినంత శుభ్రంగా ఇంకా రావటం లేదు, ధర మాత్రం ఎక్కువ. 2025 సెప్టెంబరులో డ్రోన్ల మీద జీఎస్టీ అన్నిటికీ 5 శాతం చేశారు, అంతకుముందు 18, 28 ఉండేది, అది కొంత ఊరట. దేశంలో తయారీ పెరగాలని దిగుమతి ఆపారు, బానే ఉంది. కానీ ఊరూరా ఉన్న పెళ్ళి స్టూడియోల సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. పక్క స్టూడియో బిల్లు లేని డ్రోన్‌తో నాకంటే తక్కువకి ఆర్డర్ పట్టుకుపోతుంటే నాకూ కడుపు మండుతుంది. దానికి నా దగ్గర మందు లేదు. కాకపోతే కార్పొరేట్ ఈవెంట్లు, కాలేజీ ఫంక్షన్లు, రియల్ ఎస్టేట్ లేఅవుట్లు చేసేవాళ్ళు ఇప్పుడిప్పుడే కొటేషన్‌తో పాటు యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్ జిరాక్సులు అడుగుతున్నారు. అడిగిన చోట నాకు పోటీ తక్కువ.

ఇప్పటికే బిల్లు లేని డ్రోన్ కొని కూర్చున్న తమ్ముళ్ళు "మరి దీన్నేం చేయమంటావన్నా?" అని అడుగుతారు. దానికి నంబరు రాదు. దాంతో కమర్షియల్ పని చేయొద్దు, ఇంకొకడికి అంటగట్టొద్దు. బ్రోకర్ ఎవరైనా "పాతికవేలివ్వు, పాత తేదీ వేసి రిజిస్ట్రేషన్ చేయిస్తా" అంటే ఫోన్ పెట్టేయండి. అసలు ఫీజు ఎంతో పైన చెప్పాను.